ముఖం లోపలికి తిప్పిన రాయి

ఓబయ్య ఎడమ చెవి పెట్టిన కూడు తిన్న మనిషి. చిన్న సుత్తి కుడిచేత్తో పట్టుకుని, రాతికి ఎడమ చెవి ఆనించి, మూడు దెబ్బలు వేసేవాడు. ఖంగుమంటే నిండు రాయి. బొదబొదమంటే లోపల పగులు. జమ్మలమడుగు పక్క గనుల్లో వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న విద్య అది. ఐదో తరగతి పుస్తకాలు గనిగట్టు మీద పారేసి నేర్చుకున్నది ఆ ఒక్కటే. సింగపూరు వచ్చిన ఆరేళ్ళలో ఆ చెవి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అందుకే రాతిగోడ ఉన్న పని ఎక్కడ తగిలినా, సూపర్‌వైజర్ పరంధామయ్య పనివాళ్ళు ఉండే క్రాంజీలోని రేకులషెడ్డుకు లారీ పంపి, "ఆ చెవిని ఎక్కించుకు రండి" అనేవాడు. ఓబయ్య అనేవాడు కాదు. చెవి అనేవాడు.

పరంధామయ్యది తెనాలి పక్క. పదిహేనేళ్ళ కిందట తనూ తట్ట మోసినవాడే. తట్ట మోసేవాణ్ణి ఎక్కడ కొడితే ఎక్కువ నొప్పో అందుకే బాగా తెలుసు. ఆ నెలలోనే ఒక తంజావూరు పనివాడు బూట్లు చిరిగిపోయాయని అడిగితే, వాడి నెత్తిమీది హెల్మెట్టే ఊడబీకి దాంతోనే మూతి మీద కొట్టాడు. రెండు పళ్ళు ఇసుకలో పడ్డాయి. మర్నాడు పొద్దున ఇద్దరు మనుషులు వ్యానులో వచ్చి ఆ పనివాణ్ణి ఎక్కించుకుపోయారు. ఒకడు ఎత్తరి, ఒకడు పొట్టి. వాళ్ళ ఉద్యోగమే అది. వద్దనుకున్న పనివాణ్ణి గదిలో వేసి, నోరు లేవకుండా తన్ని, విమానం ఎక్కించి రావడం. తంజావూరువాడి పళ్ళు మాత్రం రెండు రోజులు ఆ ఇసుకలోనే ఉన్నాయి. మూడోరోజు ఇసుకతోపాటు కాంక్రీటులో కలిసిపోయాయి.

అది రెండువేల సంవత్సరం, మార్చి నెల. పని జరిగేది ఒక పాత చర్చిలో. అక్కడ ప్రార్థనలు ఆగిపోయి పాతికేళ్ళు. ఇప్పుడు దాన్ని ఒక ఇంటర్నెట్ కంపెనీ తీసుకుంది. ఆ రోజులు అలాంటివి. పేరు చివర డాట్ కామ్ తగిలిస్తే చాలు, డబ్బున్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. వాళ్ళు అమ్మేది ఏమిటో కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. జనం మోకాళ్ళ మీద కూర్చున్న చోట కంప్యూటర్లు, పాదిరి నిలబడ్డ చోట కాఫీ మిషను రాబోతున్నాయి. కంపెనీ తరఫున పని చూసుకునేవాడు భరద్వాజ్. హైదరాబాదు పిల్లవాడు, ముప్ఫై దాటలేదు. బుకిట్ బటోక్‌లో ఫ్లాటు, మెడలో కార్డు, చేతిలో ఎప్పుడూ మోగే ఫోను. ఓబయ్యను "గారూ" అని పిలిచేవాడు. ఆ దేశంలో ఓబయ్యను అలా పిలిచినవాడు అతనొక్కడే. అందువల్ల ఓబయ్యకు అతనంటే కొంచెం ఇష్టం కూడా ఉండేది.

ఓబయ్య పక్కనే పనిచేసేవాడు సుంకన్న. భార్య బాలనాగమ్మకు తమ్ముడు. వచ్చి ఎనిమిది నెలలు. వాళ్ళ నాయన తాగి గనిగుంటలో పడి చచ్చాడు. అప్పటికి సుంకన్నకు నాలుగేళ్ళు. తల్లి అంతకుముందే పోయింది. బాలనాగమ్మే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. నాయన శవం నోట్లోంచి వచ్చిన సారా కంపు వాడికి ఇంకా గుర్తుంది. ఎవరైనా సీసా మూత తీస్తే లేచి అవతలికి పోయేవాడు. షెడ్డులో అందరూ తాగే ఆదివారం కూడా వాడు బయట గట్టు మీద కూర్చుని బట్టలుతుక్కునేవాడు. పంపేటప్పుడు బాలనాగమ్మ మొగుడితో ఒకటే మాట చెప్పింది. "వాడు నాకు తమ్ముడని అనుకోవద్దు. కొడుకు. నీ చేతిలో పెడతాండా. మళ్ళా నా చేతిలో పెట్టాల."

ఓబయ్య పెడతానన్నాడు.

సోమవారంనాడు ఒక అమ్మాయి వచ్చింది. పేరు భువన. యూనివర్సిటీలో పాత కట్టడాల మీద పరిశోధన చేస్తోందట. గోడలు కూల్చకముందు ఫోటోలు తీసుకోవడానికి కంపెనీ ఒప్పుకుందట. పక్కగోడలో ఎప్పుడో ఇటుకలతో మూసేసిన వాకిలి ఒకటి ఉంది. దాని పైరాయి దగ్గర ఆగిపోయింది. ఐదడుగుల పొడవు, జానెడు మందం, అర టన్ను పైనే తూగుతుంది. చుట్టూ ఉన్న రాళ్ళు ఎర్రమట్టి రంగు. అదొక్కటే నలుపు.

"అంకుల్, ఈ రాయి ఇక్కడిది కాదు కదా?" అంది తెలుగులో.

ఓబయ్య అరచేత్తో రాయిని నిమిరి, "ఇది మా దిక్కు రాయమ్మా. ఈడికెట్లొచ్చిందో," అన్నాడు.

"పాత ఓడల్లో అడుగున బరువు కోసం రాళ్ళు వేసుకొచ్చేవాళ్ళు. ఇక్కడ దించి గోడల్లో వాడేసుకునేవాళ్ళు." ఆ అమ్మాయి కళ్ళు రాయి మీదినుంచి కదలలేదు. "నేను చదివేది ఇలాంటివాటి గురించే. పడమటి దేశాల్లో పాత చర్చిలు విప్పినప్పుడు, గోడలోపల అంతకంటే పాతవి, పన్నెండొందల ఏళ్ళ కిందటి శిలువ రాళ్ళు దొరుకుతుంటాయి. ఎంతో పని చేసి చెక్కినవి. వాటినే గడపలకీ, వాకిళ్ళకీ మామూలు రాళ్ళలాగా పెట్టేసేవాళ్ళు. చెక్కిన ముఖం లోపలికి తిప్పి."

"ముఖం లోపలికా? ఎందుకట్లా?"

"వీపు చదునుగా ఉంటుంది కదా అంకుల్, గోడకి బాగుంటుంది."

ఓబయ్య పగలబడి నవ్వాడు. "నీకెవురో మేస్త్రీ కాని మేస్త్రీ చెప్పినాడమ్మా. రాతిలో ముఖం దించాలంటే ఒక మనిషి ఈపు ఇరగాల. అది బయటికే ఉంటాది. గోడకు తిప్పి పెట్టినోడు మా కులంలో పుట్టింటే చెయ్యి నరికేటోళ్ళు."

సుంకన్న కూడా నవ్వాడు. ఆ అమ్మాయికి కోపం రాలేదు. కాగితం ముక్క మీద ఫోను నంబరు రాసి ఓబయ్య చేతిలో పెట్టింది. "ఈ రాయి తీసే ముందు నాకొక్క ఫోన్ చెయ్యండి అంకుల్. ప్లీజ్. వెనకవైపు చూడకుండా ఎత్తకండి."

ఓబయ్య కాగితం మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. ఫోను చెయ్యలేదు. రాయి సంగతి తనకు ఒక చదువుకునే పిల్ల చెప్పేదేమిటి?

బుధవారం పొద్దున పదిన్నరకు భరద్వాజ్ పరుగు పరుగున వచ్చాడు.

"ఓబయ్య గారూ, ఆ నల్లరాయి తీసి అక్కడ ఒక్క ఓపెనింగ్ కావాలి, అంతే. కేబుల్స్ మొత్తం అక్కణ్ణుంచే సర్వర్ రూమ్‌లోకి వెళ్ళాలి. రేపు ఇన్వెస్టర్స్ వస్తున్నారు. వాళ్ళకి రూమ్ చూపించాలి. మధ్యాహ్నంకల్లా అయిపోవాలి."

"రెండు చైన్ బ్లాకులు కావల్ల సార్. ఈడ ఒకటే ఉండాది. అటో బెల్టు ఇటో బెల్టు ఏసి దించాల."

"రెండోది ఇంకో సైటుకి పోయింది, సాయంత్రం దాకా రాదు," అన్నాడు పరంధామయ్య. "చెపాత్ చెపాత్, తొందరగా కానీ. రాయి మంచిదా కాదా, నువ్వు అది చెప్పవయ్యా. నీ చెవి ఏవంటోంది?"

ఓబయ్య ఇనపమంచె ఎక్కాడు. రాతికి చెవి ఆనించాడు. ఒక దెబ్బ. ఖంగుమంది. రెండో దెబ్బ. ఖంగుమంది. మూడోది రాతి నడుము దగ్గర వేశాడు. అదీ పలికింది. పలికిన తర్వాత ఒక వెంట్రుకవాసి తేడా, గొంతులో తడి ఉన్న మనిషి మాట్లాడినట్టు, వినపడీ వినపడకుండా ఉంది. ఓబయ్య సుత్తి ఎత్తి మళ్ళీ కొట్టబోయాడు. కిందినుంచి అరవైమంది చూస్తున్నారు. భరద్వాజ్ గడియారం చూసుకున్నాడు. భువన చెప్పిన మాట ఓబయ్యకు గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చినందుకే తిక్క పుట్టింది.

"నిండు రాయి," అన్నాడు. "నడిమిన ఒక బెల్టు ఏస్తే సాలు."

"మా బావ చెవికి తిరుగుండదు సార్," అన్నాడు సుంకన్న కిందినుంచి. "మా అక్క తిట్టేటప్పుడు మాత్రం ఆ చెవి పంజెయ్యదు."

అందరూ నవ్వారు. పరంధామయ్య కూడా నవ్వాడు.

పైన గోడకు ఆధారాలు పెట్టారు. చుట్టూ సున్నం గీకి, గడ్డపారలతో పైరాయిని కొంచెం కొంచెంగా బయటికి లాగారు. నడుముకు బెల్టు చుట్టి, చైన్ బ్లాకు గొలుసుతో పైకెత్తారు. రాయి గాలిలోకి వచ్చింది. సుంకన్న కింద నిలబడి, రాయి తిరగకుండా రెండు చేతులతో పట్టుకుని దారి చూపిస్తున్నాడు. తలమీద హెల్మెట్ లేదు. వాడి హెల్మెట్ పగిలి పదిరోజులైంది. ఇంకోటి అడుగుదామంటే, తంజావూరువాడి పళ్ళు గుర్తుకొచ్చి ఊరుకున్నాడు.

రాయి మెల్లగా తిరిగింది. గోడవైపు ఇన్నాళ్ళూ ఉన్న పక్క వెలుగులోకి వచ్చింది. దాని నిండా పాత సున్నం గట్టిగా కూరి ఉంది. ఆ సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి సుంకన్న భుజాల మీద పడింది. దాని వెనక ఓబయ్యకు ఒక శిలువ కనపడింది. కొసలు మొగ్గల్లా విచ్చుకున్న శిలువ, కింద మూడు మెట్లు, చుట్టూ అర్ధచంద్రంలా తెలియని అక్షరాలు. శిలువ చుట్టూ రాయిని నాలుగు వేళ్ళ లోతున తవ్వేశారు. మెట్లకూ శిలువకూ నడుమ, సరిగ్గా బెల్టు పడిన చోట, ఇంకా లోతుగా తవ్వడంతో మిగిలింది రెండు వేళ్ళ మందమే. ఇన్నేళ్ళూ ఆ గుంటలో కూరిన సున్నమే ఓబయ్య సుత్తికి నిండుగా పలికింది.

"సుంకా! పక్కకు—"

రాయి నడుము దగ్గర టప్పున విరిగింది. ఒక సగం వాడి తలమీద, ఇంకో సగం వాడి రొమ్ము మీద పడ్డాయి. గుమ్మడికాయ పగిలిన చప్పుడు లాంటిదొకటి, ఆ వెంటనే ఎముకలు విరిగిన చప్పుడు. కాళ్ళు మాత్రం రెండుసార్లు నేలను తన్నాయి. ఒక చెప్పు ఎగిరి కాఫీ మిషను పెట్టబోయే చోట పడింది.

ఓబయ్య మంచె మీదినుంచి దూకాడు. గడ్డపార వేసి, ఇంకో నలుగురితో కలిసి రాతిని పక్కకు దొర్లించాడు. తల సగం లేదు. మిగిలిన సగంలో ఒక కన్ను తెరిచి ఉంది. నెత్తురు సున్నంలో కలిసి గులాబిరంగు బురదై ఓబయ్య మోకాళ్ళకు అంటుకుంది. వాడి చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. "రేయ్ సుంకా, రేయ్ సుంకా," అంటూనే ఉన్నాడు.

"ఎవడూ ఫోను ముట్టుకోకండి!" పరంధామయ్య అరిచాడు. గేటు వెయ్యమన్నాడు. అందర్నీ గోడవారగా నిలబెట్టమన్నాడు. తన ఫోను తీసి ఆ ఇద్దరు మనుషుల్ని పిలిచాడు, ఎత్తరినీ పొట్టివాణ్ణీ. అంబులెన్సును పిలవలేదు. భరద్వాజ్ ఒక మూల గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు.

తర్వాత పరంధామయ్య చేసిన పనులు ఓబయ్య ఒక్కొక్కటే చూశాడు. చైన్ బ్లాకు విప్పించి, బెల్టు చుట్టచుట్టించి వ్యానులో వేయించాడు. ఆఫీసు గదిలోంచి కొత్త హెల్మెట్ తెప్పించి, దానిమీది ప్లాస్టిక్ కవరు చించి, సుంకన్న తలలో మిగిలిన దానిమీద తొడిగాడు. అది నిలవలేదు, జారిపోయింది. గడ్డం కింద తాడు బిగించి కట్టాడు.

"ఓబయ్యా, ఇటు రా." గొంతు తగ్గించాడు, బుజ్జగిస్తున్నట్టు. "అది పాత శిలువ. గవర్నమెంటోళ్ళు దీన్ని చూశారంటే పని ఆపేస్తారు. మ్యూజియం అంటారు, నెలలు పడుతుంది. అరవైమందినీ విమానం ఎక్కిస్తారు. అంతకంటే ముందు నీ సంగతి చూసుకో. నిండు రాయని చెప్పిందెవరు? అందరూ విన్నారు. ఈ విరిగిన నడుము చూస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది నువ్వు తప్పు చెప్పావని. సమ్మెట తీసుకో. ఇరవై నిమిషాల్లో కంకర చేసెయ్. చెత్తడబ్బాలో వేసేద్దాం. నీకూ మంచిదే, నాకూ మంచిదే."

"మరి సుంకడు?"

"వాడే, ఎవరూ చెప్పకుండా గోడ ఎక్కాడు. రాయి పీకాడు. మీద పడింది."

సమ్మెట ఓబయ్య చేతికి ఎవరో అందించారు. ఎవరో కూడా చూడలేదు. రాయి ముందు నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఓబయ్యకు సుంకన్న గుర్తులేడు. బాలనాగమ్మ గుర్తుంది. "రాయి మంచిదని చెప్పినోడెవుడు?" అని అడుగుతుంది. మొదటి మాటే అది అడుగుతుంది. రాయి లేకపోతే ఆ మాటకు జవాబు కూడా లేదు. గోడ కూలిందనవచ్చు. సమ్మెట ఎత్తి శిలువ మీద వేశాడు. మొగ్గలాంటి ఒక కొస ఎగిరిపోయింది. రెండోసారి ఎత్తాడు. అప్పుడు కొట్టబోయే చోట ఉలి గీతలు కనపడ్డాయి, పక్కవాటుగా, చేప పొలుసుల్లా ఒకదాని మీదికొకటి. వాళ్ళ నాయన ఉలి అలాగే నడిచేది. వెయ్యేళ్ళ కిందట ఎవడో తమవాడే చెక్కాడు. ఇంకెవడో దాన్ని గోడకు తిప్పాడు. అయినా ఓబయ్య చెయ్యి ఆగింది అందుకు కాదు. అలాంటివాటికి ఆగే తీరిక ఆ దేశంలో పనివాడికి లేదు.

పక్కన సీసా మూత విప్పిన చప్పుడైంది.

తల తిప్పి చూశాడు. పరంధామయ్య సుంకన్న దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఎడమచేత్తో వాడి దవడ కిందికి లాగి పట్టుకుని, కుడిచేత్తో విస్కీ సీసా వంచి నోట్లో పోస్తున్నాడు. లోపలికి పోవడం లేదు. నెత్తురుతో కలిసి చెంపల మీదుగా కారి చొక్కా తడుస్తోంది. "తాగి ఎక్కాడని రాయిస్తే ఎవడికీ గొడవుండదు," అంటున్నాడు భరద్వాజ్‌తో. భరద్వాజ్ కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు.

ఎత్తిన సమ్మెట దిశ మార్చుకుంది.

పరంధామయ్య మణికట్టు, సీసా, రెండూ ఒకేసారి పగిలాయి. గాజుముక్కలు, చర్మంలోంచి పొడుచుకొచ్చిన తెల్లటి ఎముక. పరంధామయ్య అరుపు చర్చి కప్పుకు తగిలి మళ్ళీ కిందికి వచ్చింది. ఓబయ్య సమ్మెట మళ్ళీ ఎత్తాడు. ఈసారి తలకే. కానీ ఆలోగా ఎత్తరీ పొట్టివాడూ గేటు దాటి వచ్చేశారు. వెనకనుంచి మోకాళ్ళ మీద తన్నారు. కిందపడ్డాక పక్కటెముకల మీద తన్నారు. పొట్టివాడు జుట్టు పట్టి లేపితే, ఎత్తరి ఇనపగొట్టం తీసి ఎడమ చెవి మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకు తల లోపల ఏదో తడిగా చిరిగింది. ఆ పక్క లోకమంతా ఒక్కసారిగా ఆగిపోయింది. చెవిలోంచి నెత్తురు మెడమీదికి కారింది.

"రాయి పగలగొట్టండి, రాయి!" చెయ్యి పొట్టకు అదుముకుని పరంధామయ్య కేకలు పెడుతున్నాడు. ఎవడూ కదలలేదు. గోడవారన నిలబడ్డ అరవైమందిలో ఒక్కడూ సమ్మెట ముట్టుకోలేదు. ఎత్తరి ముట్టుకోబోయాడు. ఓబయ్య పాక్కుంటూ పోయి రాతి మీద బోర్లా పడుకున్నాడు. గొట్టంతో వీపు మీద కొట్టారు. కాళ్ళు పట్టి లాగారు. పది గోళ్ళూ ఆ అక్షరాల్లోకి దించి పట్టుకున్నాడు. మూడు గోళ్ళు అక్కడే ఊడిపోయాయి.

గోడవారన ఎవడి దగ్గరో ఫోనుంది. ఎవడు చేశాడో ఈ రోజుకీ తెలియదు. సైరను వినపడగానే ఆ ఇద్దరూ గొట్టం పారేసి, వెనకగోడ దూకి పారిపోయారు.

పోలీసులు వచ్చారు, అంబులెన్సు వచ్చింది. వాళ్ళతో సర్కారు తరఫున ఒక ఆఫీసరమ్మ వచ్చింది. యాభై ఏళ్ళ చీనా మనిషి, తెల్లజుట్టు, చేతిలో పుస్తకం. ఓబయ్యను లేపి కూర్చోబెట్టి ఏదో అడిగింది. ఓబయ్యకు వచ్చిన ఇంగ్లీషు సైటు ఇంగ్లీషు, పట్టుమని ఇరవై మాటలు కూడా ఉండవు. ఆమె చుట్టూ చూసింది. భరద్వాజ్ ముందుకు వచ్చి, "నేను ట్రాన్స్‌లేట్ చేస్తాను" అన్నాడట ఇంగ్లీషులో. ఓబయ్య పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"సార్, ఆయమ్మకు చెప్పు," అన్నాడు ఓబయ్య. "వాడు తాగలా. వాడు జన్మలో తాగలా. చచ్చినాక పోసినారు. హెల్మెట్టు చచ్చినాక పెట్టినారు. చూడు, దాని మీద ఒక గీత కూడా లేదు."

భరద్వాజ్ ఆఫీసరమ్మ వైపు తిరిగి మాట్లాడాడు. చాలా సేపు మాట్లాడాడు. అందులో ఓబయ్యకు తెలిసిన మాటలు రెండున్నాయి. ఒకటి "డ్రంక్". ఇంకోటి "క్రేజీ". రెండోది అన్నప్పుడు భరద్వాజ్ ఓబయ్య వైపు జాలిగా చూశాడు.

"సార్, నువ్వు ఏం చెప్పినావు?"

"ఓబయ్య గారూ, సిట్యుయేషన్ అర్థం చేసుకోండి. మీ మంచికే. మీరు ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టారు. షాక్‌లో ఉన్నారని చెబుతున్నాను, కేసు తేలికవుతుంది."

"గారూ అనొద్దు," అన్నాడు ఓబయ్య. "ఇంకోసారి నన్ను గారూ అంటే నీ గొంతు కొరుకుతా."

చొక్కాజేబులో చెయ్యి పెట్టాడు. కాగితం నెత్తురుకు తడిసింది కానీ అంకెలు కనపడుతున్నాయి. ఆఫీసరమ్మ చేతిలో పెట్టాడు. "ఫోన్. దిస్ గర్ల్. తెలుగు. హీ లయర్," అన్నాడు భరద్వాజ్‌ను చూపిస్తూ. ఆమె భరద్వాజ్ ముఖం చూసింది, సుంకన్న తలకు తాడుతో కట్టిన కొత్త హెల్మెట్ చూసింది, ఫోను తీసి నంబరు నొక్కింది. కొంచెంసేపు మాట్లాడి ఓబయ్యకు ఇచ్చింది.

ఓబయ్య అలవాటుగా ఎడమ చెవికి పెట్టుకున్నాడు. ఏమీ లేదు. గాలి కూడా లేదు. ఫోను కుడివైపుకు మార్చాడు.

"అంకుల్? భువనని. ఏమైంది అంకుల్?"

అంతా చెప్పాడు. తాగకపోవడం, సీసా, హెల్మెట్, ఒకటే బెల్టు. ఆ అమ్మాయి ఏడుస్తున్నట్టుంది. చివర్న అన్నాడు: "ఇంకోటి ఉండాదమ్మా. నిండు రాయని చెప్పింది నేనే. నడిమిన ఒక బెల్టు సాలని చెప్పింది నేనే. నువ్వు ముందే చెప్పినావు. నేను నవ్వినా. ఫోను చెయ్యమన్నావు. చెయ్యలా. మూడో దెబ్బకు నాకు అనుమానమొచ్చింది. నాలుగో దెబ్బ కొట్టలా. అదీ చెప్పు."

అవతల ఆ అమ్మాయి ముక్కు చీదుకుంది.

"అంకుల్, మిగతావి చాలు. ఇది చెబితే మొత్తం మీ మీదికి తిప్పుతారు వాళ్ళు. ఇది చెప్పకపోయినా సుంకన్న తాగలేదని తెలిసిపోతుంది. డాక్టర్లు చూస్తారు. ఇది వదిలేద్దాం అంకుల్."

"సగం చెప్తే ఆ సార్ చెప్పినట్టే ఉంటాదమ్మా. రాయిని చూడమను ఆయమ్మను. యాడ ఇరిగిందో చూస్తే అడుగుతాది, ఎవుడు మంచిదన్నాడని. అడిగేటప్పటికి నా నోట్లోంచి రావాల. చెప్పు."

ఫోను ఆఫీసరమ్మకు ఇచ్చాడు. ఆమె నిలబడే వింటూ, పుస్తకంలో రాసుకుంటూ, ఒకచోట రాయడం ఆపి ఓబయ్యను చూసింది. అతను తన రొమ్ము మీద అరచేత్తో కొట్టుకుని, "ఐ టెల్ గుడ్ స్టోన్. ఐ రాంగ్," అన్నాడు.

తర్వాత జరిగినవి ఎవరికి కావాలి? పరంధామయ్య చెయ్యి అతకలేదు, జైలు మాత్రం పడింది. ఓబయ్యకూ పడింది, ఎనిమిది నెలలు. భరద్వాజ్‌కు ఏమీ పడలేదు. అలాంటివాళ్ళకు పడదు. విరిగిన శిలువను సర్కారువాళ్ళు గోనెపట్టాల్లో చుట్టి తీసుకుపోయారు. ఇన్వెస్టర్లు వచ్చిన పాపాన పోలేదు. ఆ కంపెనీ దసరా నాటికి మూతపడింది. గోడలో తెరిచిన ఆ బొక్కలోంచి ఒక్క తీగ కూడా దూరలేదు.

ఆ సాయంత్రమే పోలీసుస్టేషన్‌లో ఒక ఫోను చేసుకోనిచ్చారు. చెవికి కట్టు, మూడు వేళ్ళకు కట్టు. జమ్మలమడుగులో ఇంటి ఎదురు అంగడికి చేశాడు. అంగడివాడు పిలవడానికి పోయాడు. బాలనాగమ్మ పరిగెత్తుకొచ్చిన ఆయాసం వినపడింది. అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు.

"తాగినాడా?" అంది. మొదటి మాట అదే. ఓబయ్య అనుకున్న మాట కాదు.

"లేదు. పోసినారు. వాడు తాగలా. సర్కారోళ్ళు రాసుకున్నారు తాగలేదని."

ఊపిరి వదిలిన చప్పుడు. ఆ తర్వాత అడిగింది.

"రాయి మంచిదని చెప్పినోడెవుడు?"

"నేనే."

అంగడి ముందు ఏదో మోటారుసైకిలు పోయింది. తర్వాత మొదలుపెట్టింది. ముందు సన్నగా, తర్వాత గొంతు చీలిపోయేలా, తిట్టని తిట్టు లేకుండా, ఓబయ్య నాయన పేరు పెట్టి, ఆ చెవి పేరు పెట్టి, ఈ ఇంటి గడప తొక్కితే కొడవలితో నరుకుతానని. పోలీసు గడియారం చూసుకున్నాడు. ఎడమ చెవికి మార్చుకుంటే ఇదంతా వినపడదు.

మార్చుకోలేదు.